చంకలో పైథాన్... ఊరంతా వెతుకులాట!

కొత్తగా కోడింగ్ మొదలుపెట్టినవాళ్లకి మొదటి రోజు కళ్లనీళ్లు తెప్పించేది లూపులో, ఫంక్షన్లో అనుకుంటారు చాలామంది. కాదు. అంతకంటే ముందే ఒక గుంత ఉంటుంది. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ అవుతుంది. ఇన్‌స్టాల్ కూడా అయిపోతుంది. 'సెటప్ వాజ్ సక్సెస్‌ఫుల్' అని స్క్రీన్ మీద కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుని నల్లటి కమాండ్ ప్రాంప్ట్ విండో తెరిచి, వీడియోలో చెప్పినట్టే 'పైథాన్' అని కొట్టి ఎంటర్ నొక్కుతారు.

"పైథాన్ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ యాజ్ యాన్ ఇంటర్నల్ ఆర్ ఎక్స్‌టర్నల్ కమాండ్..."

అంతే, గుండె గుభేల్. ఇప్పుడే కదా ఎక్కించాం, ఎక్కడికి పోయింది? అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మళ్లీ అదే. మూడోసారీ అదే. హాస్టల్లో పక్క రూమ్ వాడొచ్చి "విండోస్ పోయినట్టుంది, ఫార్మాట్ కొట్టేయ్" అని తీర్పు చెప్పి టీ తాగడానికి వెళ్లిపోతాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టు!

ఒక్క నిమిషం ఆగి ఆ ఎర్రర్‌ని మళ్లీ చదవండి. "ఇన్‌స్టాల్ అవలేదు" అని ఎక్కడైనా అందా? లేదు. "నాకు గుర్తుపట్టడం తెలియలేదు" అంటోందంతే. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. సాఫ్ట్‌వేర్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కంప్యూటర్ అది ఉన్న చోట వెతకలేదు. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, సరిగ్గా అదే కథ. ఇంకా చెప్పాలంటే, మన కంప్యూటర్ ఊరంతా కూడా వెతకదు. నాలుగు వీధులు తిరిగి ఇంటికొచ్చేస్తుంది. ఆ నాలుగు వీధులు ఏవో రాసిపెట్టిన కాగితం పేరే 'పాత్'.

కరివేపాకు లిస్టు

అమ్మ మిమ్మల్ని కరివేపాకుకి పంపిందనుకోండి. "మొదట మూల మీద కొట్టులో చూడు. లేకపోతే గుడి పక్కన బండి. అక్కడా లేకపోతే రైతు బజార్. ముందు ఎక్కడ దొరికితే అక్కడ తీసుకుని వచ్చెయ్" అంది. మీరు మహా బుద్ధిమంతులు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒక్క అంగుళం అటూ ఇటూ పోరు.

ఇప్పుడు రెండు తమాషాలు జరగొచ్చు. ఒకటి: పెరట్లోనే గుబురుగా కరివేపాకు చెట్టుంది. కానీ అమ్మ చెప్పిన లిస్టులో పెరడు లేదు. కాబట్టి మీరు మూడు చోట్లా తిరిగి, ఉత్త చేతులతో వచ్చి "దొరకలేదమ్మా" అంటారు. రెండు: మూల మీద కొట్టులో ఎండిపోయిన రెబ్బలు నాలుగున్నాయి. దొరికింది కదా అని అవే పట్టుకొచ్చేస్తారు. రైతు బజార్‌లో పచ్చగా నిగనిగలాడే కట్టలున్నా మీకు అనవసరం. మొదట దొరికిందే లెక్క.

పాత్ అంటే ఇంతే. ఫోల్డర్ల పేర్ల వరస. మీరు 'పైథాన్' అని కొట్టగానే ఆ వరసలో ఒక్కో ఫోల్డర్‌లోకీ తొంగిచూసి, ఆ పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడ ముందు కనిపిస్తే దాన్ని నడిపిస్తుంది. విండోస్‌లో ఒక ఫోల్డర్‌కీ ఇంకోదానికీ మధ్య సెమీకోలన్ ఉంటుంది. లినక్స్, మ్యాక్‌లలో కోలన్. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కి అదనంగా ఒక అలవాటుంది: లిస్టు తియ్యకముందే, మీరు నిలబడ్డ ఫోల్డర్‌లో ఒకసారి చూస్తుంది. లినక్స్‌కి ఆ అలవాటు లేదు. అందుకే అక్కడ మన ఫోల్డర్‌లోనే ఉన్న ప్రోగ్రామ్‌ని నడపాలన్నా ముందు ఒక చుక్క, ఒక స్లాష్ పెట్టమంటారు.

ఈ ఏర్పాటు ఇవాళ్టిది కాదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌తో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనేవి మొదలయ్యాయి. 1983 నాటి ఎంఎస్ డాస్ 2.0 నాటికి పాత్ మన ఇళ్లలో వాడే తరహా కంప్యూటర్లలోకీ వచ్చేసింది. మన అమ్మానాన్నలు స్కూల్లో ఉన్నప్పటి ఏర్పాటు ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో అలాగే నడుస్తోంది. కాబట్టి ఇది ఒకసారి అర్థమైతే ఎప్పటికీ పనికొస్తుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు

ఇక అసలు చిక్కు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు రకాలుంటాయి. ఒకటి ఆ మెషీన్ వాడేవాళ్లందరికీ. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. రెండోది నాకొక్కడికే, అంటే నా అకౌంట్‌కి మాత్రమే పనిచేసే సొంత కాపీ. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కాలేజీ ల్యాబ్‌లో, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, అన్నయ్య వాడి మనకిచ్చిన పాత సిస్టమ్‌లో మనకి దిక్కు ఈ సొంత కాపీయే. పైథాన్ ఇన్‌స్టాలర్ అయితే, మీరు ఏమీ మార్చకుండా 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కితే మామూలుగా సొంత కాపీనే పెడుతుంది. ఎక్కడ పెడుతుందంటే సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, అందులో యాప్‌డేటా, లోకల్, ప్రోగ్రామ్స్, పైథాన్. ఇంత లోపల! పైగా యాప్‌డేటా అనేది మామూలుగా కనిపించని ఫోల్డర్. దాని గురించి తెలియనివాళ్లు జన్మలో అక్కడికి వెళ్లరు.

ఆ ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్‌లో అడుగున ఒక చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. 'యాడ్ పైథాన్ టు పాత్' అని. అది ముందుగా టిక్ అయి ఉండదు. మనమే పెట్టాలి. పెద్ద బటన్ కనబడగానే నొక్కేసే అలవాటు మనందరిదీ కాబట్టి, సగం మంది కష్టాలకి మూలం ఆ చిన్న గడి.

టిక్ పెట్టినా ఒక్కోసారి కష్టం తీరదు. ఎందుకంటే విండోస్‌లో పాత్ లిస్టులు రెండుంటాయి. ఒకటి సిస్టమ్‌ది, ఇంకోటి మీ అకౌంట్‌ది. విండోస్ ఏం చేస్తుందంటే ముందు సిస్టమ్ లిస్టు పెట్టి, దాని తోకకి మీ లిస్టు అతికిస్తుంది. అంటే అదే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ సిస్టమ్ లిస్టులో ఉంటే, మీరు కొత్తగా పెట్టుకున్న సొంత కాపీ వంతు ఎప్పటికీ రాదు. పెరట్లో ఎంత మంచి చెట్టున్నా బజారు ఆకుకే మర్యాద.

ఇది పైకి ఎర్రర్‌లా కూడా కనబడదు. అదే ప్రమాదం. 'దొరకలేదు' అంటే వెతుక్కుంటాం. 'వేరేది దొరికింది' అని మాత్రం ఎవరూ చెప్పరు కదా!

శనివారం రాత్రి వీడియో కాల్

మా చిన్నాన్న కూతురు రాజమండ్రిలో డిగ్రీ ఫైనలియర్. ఒక ఇంటర్న్‌షిప్‌కి సోమవారం పొద్దున్న ఆన్‌లైన్ టెస్ట్. సొంత ల్యాప్‌టాప్‌లోనే కోడ్ రాసి, నడిపి చూపించాలి. వాళ్ల నాన్న ఆఫీసులో పాతవి తీసేస్తూ ఉద్యోగులకిచ్చేసిన ల్యాప్‌టాప్ తనది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఆ ఆఫీసులోనే ఎవరికీ తెలియదు. శనివారం రాత్రి పదింటికి వీడియో కాల్ చేసింది. ముఖం చూస్తే రెండు గంటలుగా ఏడ్చినట్టుంది.

"అన్నయ్యా, నాకు కోడింగ్ రాదు. బీకాం చేసుంటే పోయేది."

"అది తర్వాత చూద్దాం. ఎర్రర్ ఏమంటోంది?"

"ఇన్‌వాలిడ్ సింటాక్స్ అంటోంది. 'మ్యాచ్' అని రాసిన లైన్ దగ్గర. నాలుగుసార్లు చెరిపి మళ్లీ కొట్టా. క్లాసులో సార్ రాసినదానికీ నాదానికీ అక్షరం తేడా లేదు. ఆయనకి వస్తోంది, నాకు రావట్లేదు."

కోడ్ చూశాను. నిజంగానే తప్పు లేదు. 'మ్యాచ్' అనే వాక్యం పైథాన్‌లోకి 3.10 వెర్షన్‌తో, 2021లో వచ్చింది. అంతకు ముందు వెర్షన్లకి అదేమిటో తెలియదు కాబట్టి తప్పు రాశావంటాయి.

"నీది ఏ పైథాన్?"

"3.12. నిన్ననే ఎక్కించా. టిక్ కూడా పెట్టా."

"పైథాన్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు గీతలు పెట్టి వెర్షన్ అని కొట్టు."

కొట్టింది. రెండు క్షణాలు మాట్లాడలేదు. "3.8 అంటోందేంటి?"

"ఇప్పుడు 'వేర్ పైథాన్' అని కొట్టు."

మూడు లైన్లు వచ్చాయి. మొదటిది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పైథాన్ 3.8. ఎప్పుడో ఆ ఆఫీసువాళ్లు అందరికీ అని ఎక్కించింది. రెండోది తన యూజర్ ఫోల్డర్ లోపల ఎక్కడో 3.12. మూడోది విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్‌లో ఇంకో పైథాన్. దాని సంగతి కింద చెప్తాను.

"అంటే నేను రాసింది కరెక్టేనా?"

"కరెక్టే. చదివేవాడు పాతకాలం మనిషి."

3.8కి 2024 అక్టోబర్‌తోనే అధికారిక మద్దతు ఆగిపోయింది. దాన్ని తీసేద్దామంటే అడ్మిన్ కావాలి. సిస్టమ్ లిస్టులో వరస మార్చాలన్నా అడ్మిన్ కావాలి. తన లిస్టులో కొత్తదాన్ని ఎంత పైకి జరిపినా సిస్టమ్ లిస్టు తర్వాతే. మరి దారి?

రెండున్నాయి. విండోస్‌లో పైథాన్‌తో పాటు 'పి వై' అనే రెండక్షరాల కమాండ్ ఒకటి వస్తుంది. అది పైథాన్ కోసం పాత్ లిస్టు చూడదు. ఏ ఏ పైథాన్‌లు ఎక్కాయో విండోస్ రిజిస్ట్రీలో చూసుకుని, మనం అడిగిన వెర్షన్‌ని పిలుస్తుంది. 'పి వై', స్పేస్, చిన్న గీత, 3.12 అని కొడితే సరాసరి 3.12 లేస్తుంది.

రెండోది వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే వెన్వ్. 'పి వై', గీత 3.12, గీత ఎం, వెన్వ్, ఆ తర్వాత ఒక ఫోల్డర్ పేరు. ఒక్క లైన్. తర్వాత ఆ ఫోల్డర్‌లో స్క్రిప్ట్స్ లోపలున్న యాక్టివేట్‌ని నడిపించాలి. పవర్‌షెల్‌లో అయితే 'స్క్రిప్టులు నడపనివ్వను' అని అడ్డం తిరగొచ్చు. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ గొడవ ఉండదు. యాక్టివేట్ అంటే ఏదో పెద్ద మంత్రం అనుకుంటారు గానీ, అది చేసే ముఖ్యమైన పని ఒక్కటే: ఆ విండో వరకు పాత్ లిస్టులో తన ఫోల్డర్‌ని అన్నిటికంటే ముందు పెట్టేస్తుంది. సిస్టమ్ లిస్టు కంటే ముందు! విండో మూసేస్తే మళ్లీ మామూలే. ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు.

యాక్టివేట్ చేశాక మళ్లీ 'వేర్ పైథాన్' కొట్టించాను. ఈసారి మొదటి లైన్‌లో తన ఫోల్డర్. ప్రోగ్రామ్ నడిచింది. మొత్తం పావుగంట పని. ఆ పావుగంట తెలియకపోవడం వల్ల ఒక అమ్మాయి తన డిగ్రీ మొత్తం తప్పేమో అనుకుంది. నాకు బాధనిపించింది అక్కడే.

నాలుగు ప్రశ్నలు

పైథాన్ కావచ్చు, జావా కావచ్చు, గిట్, నోడ్ ఏదైనా కావచ్చు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ నాలుగూ వరసగా అడగండి. కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

మొదటిది: అసలు ఉందా? స్టార్ట్ మెనూలో ఆ సాఫ్ట్‌వేర్ పేరు వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. షార్ట్‌కట్ కనిపిస్తే దాని మీద మళ్లీ అదే చేయండి. అసలు ఫోల్డర్ దొరుకుతుంది. ఆ అడ్రస్ కాపీ చేసి పెట్టుకోండి.

రెండోది: లిస్టులో ఉందా? కమాండ్ ప్రాంప్ట్‌లో ఉత్త 'పాత్' అని కొడితే లిస్టు మొత్తం కనిపిస్తుంది. మీ ఫోల్డర్ అందులో లేకపోతే కలపాలి. స్టార్ట్‌లో 'ఎడిట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఫర్ యువర్ అకౌంట్' అని వెతకండి. పై గడిలో ఉన్నవి మీవి, కింద గడిలోవి సిస్టమ్‌వి. పై గడిలో 'పాత్' మీద రెండుసార్లు క్లిక్ చేసి, 'న్యూ' నొక్కి అడ్రస్ అతికించండి. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ అడ్రస్ ఇవ్వాలి, ప్రోగ్రామ్ ఫైల్ పేరు కాదు. పైథాన్‌కి అయితే దాని ఫోల్డర్‌తో పాటు లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్ కూడా కలపాలి, పిప్ ఉండేది అక్కడే.

మూడోది: ముందు ఏది దొరుకుతోంది? 'వేర్' అని కొట్టి పక్కన ప్రోగ్రామ్ పేరు. ఎన్ని లైన్లు వస్తే అన్ని కాపీలు. వాటిలో నడిచేది మొదటిదే. పవర్‌షెల్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక: అక్కడ ఉత్త 'వేర్' అంటే వేరే పని చేసే కమాండ్. ఏమీ చూపించకుండా ఊరుకుంటుంది. 'వేర్ డాట్ ఈఎక్స్ఈ' అని పూర్తిగా కొట్టాలి.

నాలుగోది: ఈ విండో పాతదా? పాత్ మార్చిన సంగతి అప్పటికే తెరిచి ఉన్న విండోలకి తెలియదు. అవి పుట్టినప్పుడు తెచ్చుకున్న లిస్టే వాటికి ప్రమాణం. అన్నీ సరిగ్గా చేసి, అదే విండోలో మళ్లీ మళ్లీ కొట్టి, రావట్లేదని జుట్టు పీక్కునేవాళ్లని ఎంతమందినో చూశాను. విండో మూసి కొత్తది తెరవండి. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ వాడుతుంటే ఆ టెర్మినల్‌ని మూస్తే చాలదు, వీఎస్ కోడ్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరవాలి.

దెయ్యం పైథాన్

ఇందాక మూడో లైన్ సంగతి చెప్తానన్నాను కదా. కొంతమంది పైథాన్ అని కొట్టగానే ఎర్రర్ రాదు, మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. వైరస్ అని భయపడతారు. కాదు. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి విండోసే అక్కడ ఒక ఉత్తుత్తి పైథాన్ పెట్టింది. ఫైల్ సైజు చూస్తే సున్నా బైట్లు. లోపల ఏమీ ఉండదు. పైథాన్ లేనివాళ్లని స్టోర్‌కి తీసుకెళ్లే దారి బోర్డు అది. మంచి ఉద్దేశమే. కానీ అది లిస్టులో మీ పైథాన్ కంటే ముందుంటే, ఉన్న పైథాన్‌ని వదిలేసి మిమ్మల్ని స్టోర్‌కి లాక్కెళ్తుంది.

తీసెయ్యడం తేలిక. స్టార్ట్‌లో 'మేనేజ్ యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియసెస్' అని వెతికి, అందులో పైథాన్ పేరున్న స్విచ్చులు ఆపేయండి. దెయ్యం వదిలిపోతుంది.

పిప్‌తోనూ ఇలాంటి బాధే ఒకటుంది. ఏదో ప్యాకేజీ కోసం పిప్ ఇన్‌స్టాల్ అంటే 'ఆల్రెడీ ఉంది' అంటుంది. ప్రోగ్రామ్ నడిపితే 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. లిస్టులో ముందు దొరికిన పిప్ ఒక పైథాన్‌ది, మీరు నడిపింది ఇంకో పైథాన్. అందుకే ఉత్త పిప్ అని కొట్టకండి. 'పైథాన్, గీత ఎం, పిప్, ఇన్‌స్టాల్' అని కొట్టండి. అప్పుడు ఏ పైథాన్ లేస్తుందో దానికే ప్యాకేజీ ఎక్కుతుంది.

జావా వాళ్లకి రెండు ముక్కలు

ఇంజినీరింగ్ ల్యాబుల్లో ఎక్కువ గొడవ జావాతోనే. 'జావాసీ' కంపైల్ చేస్తుంది, 'జావా' నడిపిస్తుంది. రెండూ ఒకే చోటి నుంచి రావాలని రూలేమీ లేదు. పాత్‌లో మొదట దొరికిన జావాసీ కొత్త 21 వెర్షన్‌ది, మొదట దొరికిన జావా ఎప్పటిదో 8 అనుకోండి. కంపైల్ చక్కగా అవుతుంది. నడిపితే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్' అంటూ 65.0, 52.0 అని అంకెలు చెప్తుంది. భయపడకండి. 65 అంటే జావా 21, 52 అంటే జావా 8. కొత్తవాడు వండింది పాతవాడు తినలేకపోతున్నాడని అర్థం. 'వేర్ జావా', 'వేర్ జావాసీ' రెండూ కొట్టి చూస్తే దొంగ దొరికిపోతాడు.

ఇంకో ముక్క. జావా హోమ్ అనే వేరియబుల్ వేరు, పాత్ వేరు. జావా హోమ్‌లో జేడీకే పెద్ద ఫోల్డర్ అడ్రస్ ఇవ్వాలి. పాత్‌లో దాని లోపలి బిన్ ఫోల్డర్ అడ్రస్ ఇవ్వాలి. జావా హోమ్‌లో కూడా బిన్ అడ్రసే ఇచ్చేస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో అంతా బాగానే ఉంటుంది గానీ, మావెన్ లాంటివి మొరాయిస్తాయి.

లినక్స్, మ్యాక్, జేబులో ఫోన్

లినక్స్, మ్యాక్‌లలో 'వేర్' బదులు 'విచ్, గీత ఏ' కొట్టండి. కాపీలన్నీ వరసగా చూపిస్తుంది. ఉబుంటులో సొంత ప్రోగ్రాములకి హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్, అందులో బిన్ అనే చోటుంది. మీరు లాగిన్ అయ్యే సమయానికి ఆ ఫోల్డర్ ఉంటేనే ఉబుంటు దాన్ని లిస్టులో కలుపుతుంది. మొదటిసారి ఏదైనా అక్కడ ఎక్కించినప్పుడు ఆ ఫోల్డర్ అప్పుడే పుట్టింది కాబట్టి లిస్టులో ఉండదు. ఒకసారి లాగవుట్ అయి లాగిన్ అయితే చాలు, చాలాసార్లు అదే మందు.

మ్యాక్ వాళ్లు పాత వీడియోలు చూసి బాష్ ప్రొఫైల్ ఫైల్‌లో పాత్ రాస్తారు. 2019లో కెటలీనా వచ్చినప్పటి నుంచి కొత్త అకౌంట్లకి మామూలుగా వచ్చేది జెడ్ షెల్. అది బాష్ ఫైళ్లని చదవదు. జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ అనే ఫైల్‌లో రాయాలి. ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌లలో హోమ్‌బ్రూ తన సామాన్లు 'ఆప్ట్' కింద పెడుతుంది, ఇంటెల్ మ్యాక్‌లలో 'యూఎస్‌ఆర్ లోకల్' కింద. స్నేహితుడి లైన్ యథాతథంగా కాపీ కొడితే పనిచేయకపోవడానికి అదో కారణం.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్లో టర్మక్స్ వేసుకుని నేర్చుకుంటున్నారని నాకు తెలుసు. శభాష్. టర్మక్స్ అంటేనే పూర్తిగా సొంత కాపీ. ఫోన్‌ని రూట్ చేయక్కర్లేకుండా, తన యాప్ ఫోల్డర్ లోపలే చిన్న లినక్స్ సంసారం పెట్టుకుంటుంది. కాబట్టి మామూలు లినక్స్ పాఠాల్లో చెప్పే 'స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ బిన్' అక్కడ ఉండదు. దాని బిన్ దాని ఇంట్లోనే ఉంటుంది. అలాగే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్ట్‌ని అక్కడి నుంచే నడపబోతే 'పర్మిషన్ డినైడ్' అంటుంది. పర్మిషన్లు ఎన్నిసార్లు మార్చినా అంతే. ఫోన్ స్టోరేజ్ నుంచి ప్రోగ్రాములు నేరుగా నడపనివ్వదు ఆండ్రాయిడ్. ఆ ఫైల్‌ని టర్మక్స్ హోమ్‌లోకి కాపీ చేసి అక్కడ నడపండి.

ఇవి మాత్రం చేయొద్దు

పాత్‌ని మార్చే ముందు ఉన్న లిస్టు మొత్తం నోట్‌ప్యాడ్‌లో కాపీ చేసి పెట్టుకోండి. కొత్త అడ్రస్ కలపాల్సింది పోయి, ఉన్నదంతా చెరిపి కొత్తది ఒక్కటే పెట్టేవాళ్లున్నారు. సిస్టమ్ లిస్టులో అలా చేస్తే 'ఐపీకాన్ఫిగ్' లాంటి మామూలు కమాండ్లు కూడా కనబడకుండా పోతాయి.

'సెట్ఎక్స్' కమాండ్‌తో ఒక్క లైన్‌లో పాత్ మార్చెయ్యండి అని చాలాచోట్ల రాస్తారు. వద్దు. అది 1024 అక్షరాల దగ్గర లిస్టుని కోసేస్తుంది. తోక తెగిపోయిన సంగతి వారం తర్వాత ఇంకేదో సాఫ్ట్‌వేర్ పనిచేయనప్పుడు గానీ తెలియదు. పైగా రెండు లిస్టుల్నీ కలిపి మీ లిస్టులో పోసేస్తుంది. విండోస్ ఇచ్చిన కిటికీలోనే 'న్యూ' నొక్కి కలపండి.

ఎవరో పంపిన లైన్ అర్థం కాకుండా అతికించొద్దు. ముఖ్యంగా 'అడ్మిన్‌గా నడపండి' అని ఉంటే. పాత్ లిస్టులో ముందు ఉన్నవాడే రాజు అని చూశాం కదా. తెలియని ఫోల్డర్‌ని ముందు పెడితే, మీరు పిలిచిన పేరుతో ఇంకెవరో పలకొచ్చు.

మాస్టార్లకి ఒక విన్నపం

కోర్సుల్లో మొదటి క్లాసు 'వాట్ ఈజ్ ఏ కంప్యూటర్' దగ్గరో, 'హలో వరల్డ్' దగ్గరో మొదలవుతుంది. ఈ మధ్యలో ఉన్న గుంతని మాత్రం 'ఇన్‌స్టాల్ చేసుకుని రండి' అన్న ఒక్క ముక్కతో దాటేస్తారు. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నవాడు దాటుతాడు. ఇంట్లో ఇంజినీర్ ఉన్నవాడూ దాటుతాడు. ఆఫీసు పాత ల్యాప్‌టాప్‌తో, ల్యాబ్ సిస్టమ్‌తో, అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా వచ్చినవాళ్లే అందులో పడతారు. పడ్డాక మెషీన్ని అనుమానించరు, తమనే అనుమానించుకుంటారు. మొదటి క్లాసులో అరగంట పాత్ గురించి చెప్పండి సార్. 'వేర్' కొట్టించండి. ఎవరి స్క్రీన్ మీద ఎన్ని లైన్లు వచ్చాయో చూడండి. ఆ అరగంటతో వారం రోజుల ఫోన్లు తగ్గుతాయి మీకు కూడా.

మీరేమో ఫోన్ నోట్స్‌లో నాలుగు మాటలు రాసిపెట్టుకోండి: ఉందా, లిస్టులో ఉందా, ముందు ఏది, విండో పాతదా. నాలుగూ చూశాక కూడా పనిచేయకపోతే అప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దాం. ఫార్మాట్ సంగతి అంటారా, పక్క రూమ్ వాణ్ణి ముందు టీ పూర్తిగా తాగనివ్వండి.

అన్నట్టు, మా చెల్లి సోమవారం టెస్ట్ రాసింది. రిజల్ట్ ఇంకా రాలేదు. నిన్న మెసేజ్ పెట్టింది: క్లాసులో ఇంకో ఇద్దరికి తనే 'వేర్ పైథాన్' కొట్టించిందట. ఒకరికి రెండు లైన్లు, ఇంకొకరికి నాలుగు!